అద్దుడు కాగితం మీద నల్ల అంచు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. మా పెరట్లో పిల్లి ఈనిందని చెప్పమంటే పులి ఈనిందని చెబుతాను, అదీ కవలల్ని. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం నమ్ముతుంది. మీరు అంత కఠినంగా ఉండక్కర్లేదు, మూడో వంతు కొట్టేస్తే చాలు. నడుం దెబ్బతిని, యాభై దాటకుండానే షెడ్డు పని మానేసినవాణ్ణి. కూర్చుని చెప్పుకోవడం తప్ప వేరే వ్యాపకం లేదు. చెప్పుకునేటప్పుడు చెయ్యి కొంచెం ధారాళంగా పడుతుంది.

ఇప్పుడు మెకానిక్కు పని నేర్చుకుంటున్నవాళ్ళు నాకు కొత్త సంగతులు చెబుతుంటారు. పెద్ద పెద్ద కంపెనీలవాళ్ళు తమ బళ్ళ ఇంజనాయిలు సీసాల్లో పట్టి లాబొరేటరీకి పంపుతారట. అక్కడి మిషను ఆ ఆయిల్లో ఇనుమెంత, రాగెంత, దుమ్మెంత అని లెక్కగట్టి కాగితం అచ్చుకొట్టి ఇస్తుందట. ఇంజను విప్పకుండానే లోపల ఏ భాగం అరుగుతోందో తెలిసిపోతుందట. చాలా సంతోషం. కానీ బాబూ, నూజివీడులో మాకు ఆ లాబొరేటరీ నయాపైసలు వచ్చిన కొత్తలోనే ఉండేది. దాని ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. చుట్ట కాల్చేది. మేం దాన్ని మేస్త్రిగారూ అని పిలిచేవాళ్ళం.

మా షెడ్డు చింతలపూడి వెళ్ళే రోడ్డు మీద ఉండేది. తాటాకు కప్పు, మూడు వైపుల తడికలు. రెండు కార్లు లోపల పెడితే మూడో మనిషి బయటికెళ్ళి ఊపిరి పీల్చుకు రావాలి. వేసవిలో ఆ తడికల సందుల్లోంచి మామిడికాయల బళ్ళు వెళ్తుంటే వాసన లోపలికొచ్చేది. ఒక ముక్కులో ఆయిలు వాసన, ఇంకో ముక్కులో చిన్నరసాల వాసన. ఆ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేను. ఇన్నేళ్ళలో ఏ ఊళ్ళోనూ మళ్ళీ తగల్లేదు. తగిలితే మాత్రం ఆ ఊళ్ళోనే దిగిపోతాను.

మేస్త్రిగారికి ఒక నమ్మకం ఉండేది. బండి ఆరోగ్యం గురించి డ్రైవర్ని అడక్కూడదు, ఆయిల్ని అడగాలి. ఆ అడగడానికి ఆయన పద్ధతి ఒకటుంది. బండిని ముసునూరు దాకా తోలుకొచ్చి, ఇంజను వేడిమీద ఉండగానే ఆపాలి. ఆయిలు కొలిచే కడ్డీ బయటికి లాగి, దాని కొస నుంచి ఒక్క చుక్క, సిరా పీల్చే అద్దుడు కాగితం మీద పడనివ్వాలి. కాగితానికి అడుగున ఏదీ తగలకుండా ఖాళీ డబ్బా మూతి మీద పరిచి, తెల్లారేదాకా దాని జోలికి పోకూడదు. ఈలోగా చుక్క మెల్లగా విచ్చుకుంటుంది. మధ్యలో మసి, దాని చుట్టూ లేత గోధుమరంగు, ఆపైన చెమట పట్టినట్టు ఒక పల్చటి వలయం. మసి మెత్తగా అంచుల్లోకి కలిసిపోతే అంతా క్షేమం. అలా కాక గీత గీసినట్టు నల్లటి అంచు కట్టి ఆగిపోతే అనుమానించాలి. ఇక ఎండకెత్తి చూసినప్పుడు మెరుపులు కనబడ్డాయా, అది లోపల అరుగుతున్న లోహం. ఆ మెరుపు అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము, కొన్నాళ్ళు ఓర్చుకోవచ్చు. అంటుకోకపోతే బేరింగు మెటలు. అప్పుడిక ఇంజను నోట్లో తులసితీర్థం పొయ్యడమే.

దీనికి ఆయన పెట్టుకున్న నియమం ఒకటుంది. రెండు కాగితాలు, రెండు చుక్కలు, రెండు వేరువేరు చోట్ల ఆరాలి. రెండూ ఒకే మాట చెబితేనే అది మాట. ఈ అద్దుడు కాగితం కోసం నేను రిజిస్ట్రారు ఆఫీసు గుమస్తా గారి సైకిలుకి జీవితాంతం పంక్చర్లు ఊరికే వేస్తానని ఒప్పుకున్నాను. ఆ సైకిలు నెలకి ముప్పై సార్లు పంక్చరయ్యేది. ఫిబ్రవరిలో కూడా.

ఆరిన కాగితాలన్నీ, కిరాణా కొట్లో చీటీలు గుచ్చినట్టు, బండికొక తీగ చొప్పున గుచ్చి తడికకి వేలాడదీసేవాళ్ళం. గాలొస్తే అవన్నీ గలగలలాడేవి. అన్నిటికన్నా లావుపాటి తీగ ఒక టాక్సీది.

ఆ టాక్సీ ఏ జమీలోనో పుట్టి, నలుగురైదుగురు చేతులు మారి, చివరికి మా డ్రైవరు బాబాయి చేతిలో పడింది. బాబాయి అంటే చుట్టరికమేం లేదు. ఊరంతా ఆయన్ని బాబాయి అనే పిలిచేది, ఆయనకన్నా పెద్దవాళ్ళతో సహా. ఆ కారెంత పొడుగంటే, ముందు దీపాలు చాట్రాయి చేరేసరికి వెనక దీపాలు నూజివీడు పొలిమేర దాటేవి. అందులో ఒకసారి పెళ్ళివారు ఇరవైముగ్గురు ఎక్కారు. ఇరవైనాలుగోది మేక. మేక మాత్రం ముందు సీట్లో కూర్చుంది, ఎందుకంటే అది పెళ్ళికొడుకు తరఫు.

ఆయన ఆ కారుతో మాట్లాడేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు "పద తల్లీ, పద, అదిగో వచ్చేసింది" అనేవాడు. దిగేటప్పుడు "ఏంటా తొందర, ఎవరు తరుముతున్నారే నిన్ను?" అని కసిరేవాడు. వాళ్ళావిడ కారుని సవతి అనేది. "పొద్దున్నే దాని మొహం కడిగాకే నా మొహం చూస్తాడండీ ఈయన" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. దసరాకి మాత్రం ఆ సవతికి పసుపు పూసి బొట్టు పెట్టేది ఆవిడే. డ్రైవరు బాబాయిని ముట్టుకోనిచ్చేది కాదు.

ఒకరోజు ముసునూరు రోడ్డు మీద కారు ఆపేసి, లోపలివాళ్ళందర్నీ దింపి, కిటికీలోంచి మైళ్ళ మీటరు చూడమన్నాడట. అయిదు తొమ్మిదులున్నాయి. అందరూ చూసి ఎక్కాక పది గజాలు పోనిచ్చి మళ్ళీ ఆపాడు. అయిదు సున్నాలయ్యాయి. లక్ష మైళ్ళు తిరిగి మీటరు మొదటికొచ్చిందన్నమాట. ఆయన అది తనకి జరిగిన సన్మానంలా ఊరంతా చాటాడు. షెడ్డుకి జిలేబీ పొట్లం తెచ్చి, "ఇవాళ బాలసారె రా! దీని వయసు సున్నా!" అన్నాడు. నేను ఒక్కణ్ణే పద్దెనిమిది జిలేబీలు తిన్నాను. మేస్త్రిగారు ఒకటి తుంచుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఆ రోజు చుక్క రెండు కాగితాల మీద వేశారు. పొద్దున వాటిని చూసి, "సున్నా కాదుగానీ, పాతికేళ్ళ మనిషిలా ఉందోయ్" అన్నారు. బాబాయి ఆ మాట పట్టుకుని నెల్లాళ్ళు బతికాడు.

తర్వాత కొన్నేళ్ళకి, రోడ్ల పక్క మైలురాళ్ళు పీకేసి కిలోమీటరు రాళ్ళు పాతుతున్న రోజుల్లో, అసలు సంగతి జరిగింది.

ఊళ్ళో మామిడి షావుకారు ఒకాయన చాట్రాయి దారిలో మెరక కొని కొత్తగా తోట వేశాడు. బావి తవ్వించాడు. కరెంటు ఇంకా అటు రాలేదు. అప్పట్లో పాత కార్ల ఇంజన్లు పీకి, సిమెంటు దిమ్మ మీద బిగించి, బావికి పంపులుగా వాడుకునేవారు. షావుకారు కన్ను బాబాయి కారు మీద పడింది. ఆయన ఒక కొత్త లారీ కూడా కొన్నాడు. దానికి నమ్మకమైన డ్రైవరు కావాలి. రెండూ కలిపి ఒకే మాటలో అడిగేశాడు. ఇంజను ఇచ్చెయ్, లారీ ఎక్కు, నెల జీతం తీసుకో. "అది బతికుండగానే ఇవ్వవోయ్. రోడ్డు మీద పగిలిపోయాక తెస్తే ఆ ఇనపముక్కలు నేనేం చేసుకోను? ఎల్లుండి దాకా చూస్తాను. లేదంటే ఏలూరులో ఇంకో ఇంజను చూసి పెట్టుకున్నాను" అన్నాడు.

బాబాయి ఆ మధ్యాహ్నం షెడ్డుకొచ్చాడు. చంకలో మామిడికాయల గంప. మేస్త్రిగారు అప్పుడు కంటి ఆపరేషనుకి బెజవాడ వెళ్ళి ఉన్నారు. షెడ్డుకి నేనే రాజుని, నేనే మంత్రిని, పనిమనిషిని కూడా నేనే.

"మేస్త్రి ఎప్పుడొస్తాడ్రా?"

"ఇంకో పదిహేను రోజులు పడుతుంది బాబాయ్."

ఆయన గంప కింద పెట్టి కారు వైపు చూశాడు. కారు వైపు చూస్తూనే నాతో మాట్లాడాడు.

"అయితే నువ్వే చెప్పు. ఇంకొన్నాళ్ళు రోడ్డు మీద తిరుగుతుందా, తిరగదా? తిరుగుతుందంటే షావుకారు గారికి ఓ దణ్ణం పెట్టి వచ్చేస్తాను. ఆయన లారీ ఆయనకే, నా కారు నాకే. తిరగదంటే ఇచ్చేస్తాను. బావి దగ్గర నీడలో మెల్లగా తిరుగుద్ది, సుఖపడుద్ది. అంతేగానీ నడిరోడ్డు మీద నా చేతుల్లో పగిలిపోతే నేను చూళ్ళేనురా అబ్బాయ్."

"మేస్త్రిగారొచ్చేదాకా ఆగకూడదా?"

"ఎల్లుండి అన్నాడుగా! నీకు రాదా ఏంటి చుక్క చూడ్డం? ఇన్నేళ్ళు ఆయన పక్కన నిలబడి ఏం చూశావు, ఆయన చుట్టా?"

ఆ మాటతో నా ఛాతీ తడికల్ని తోసుకుని రోడ్డు మీదకి వచ్చింది. "రాకపోవడమేంటి! పద" అన్నాను.

ఇద్దరం ముసునూరు దాకా వెళ్ళొచ్చాం. ఆ ప్రయాణం నాకిప్పటికీ చెయ్యాలని ఉంటుంది. రోడ్డుకి రెండు వైపులా తోటల్లో మొదటి కోత జరుగుతోంది. చిక్కాలు కట్టిన కర్రలు కొమ్మల్లోంచి పైకీ కిందికీ ఆడుతున్నాయి. కాయలేరుతున్న ఆడవాళ్ళు హారను విని తలెత్తి, "బాబాయో!" అని కేకేశారు. ఆయన రోజూలా బదులు పలకలేదు. ఒక చేత్తో చక్రం పట్టుకుని రెండో చెయ్యి మీటర్లున్న ముందు పలక మీద, జ్వరం చూస్తున్నట్టు, ఆనించి ఉంచాడు. దారి పొడుగునా ఆ చెయ్యి తియ్యలేదు. ఇంజను చప్పుడు నాకు బాగానే వినిపించింది. కానీ మేం ఆయిల్ని అడిగే జాతి కదా, చెవిని లెక్కచెయ్యం.

షెడ్డుకొచ్చాక చూసుకుంటే అద్దుడు కాగితం ఒక్క ముక్కే మిగిలింది. గుమస్తా గారు సెలవులో ఉన్నారు. నియమం ప్రకారం రెండు కావాలి. ఆ ముక్కని సగానికి చింపితే రెండయ్యేవి. ఈ మాట నాకిప్పుడు రోజుకి రెండుసార్లు తడుతుంది, పొద్దునోసారి, అన్నం ముందోసారి. ఆరోజు తట్టలేదు. ఇంత ముఖ్యమైన తీర్పుకి చిరిగిన ముక్కేంటి, నిండు కాగితం ఉండాలనుకున్నాను. ఒక్క చుక్క వేశాను. డబ్బా మూతి మీద పరిచి బల్ల అడుగు పలక మీద పెట్టాను.

బాబాయి గంపని చూపించి, "ఇయ్యి మేస్త్రికి. కళ్ళకి కట్టు కట్టుకుని వస్తాడుగా, వాసనైనా చూస్తాడు. ఇవాళే కోసినవి. జాగర్త" అన్నాడు. ఎలకలు ముట్టకుండా గంపని బల్ల పై పలక మీద పెట్టాను. కాయలన్నీ తొడిమలు కిందికి ఉండేలా చక్కగా సర్దినవి.

పొద్దున ఆయన నాకంటే ముందే వచ్చి షెడ్డు బయట నిలబడి ఉన్నాడు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెళ్ళిచూపులకొచ్చినట్టున్నాడు అనుకున్నాను.

కాగితం తీశాను. మధ్యలో మసి గడ్డకట్టి ఉంది. దాని చుట్టూ నల్లటి అంచు, కాటుకతో గీసినట్టు. తీగకి గుచ్చిన పాత కాగితాలు పక్కన పెట్టి చూశాను. ఏ ఒక్కదానిలోనూ అలాంటి అంచు లేదు. ఎండకెత్తాను. అంచు పొడుగునా సన్నసన్నటి మెరుపులు. నా గుండె ఝల్లుమంది. బాధతో కాదు, చెప్పడానికి సిగ్గేస్తోంది, ఆనందంతో. మేస్త్రిగారు లేనప్పుడు, నేను ఒంటరిగా, ఇంత స్పష్టమైన చుక్క! అయస్కాంతం తెచ్చి దగ్గర పెట్టాను. ఒక్క మెరుపు కూడా కదల్లేదు.

"ఏంట్రా?" అన్నాడు బాబాయి.

"బేరింగు మెటలు బాబాయ్."

"అంటే?"

"రోడ్డు మీద పరుగుకి ఇక తట్టుకోదు. ఒకచోట నిలబెట్టి మెల్లగా తిప్పితే ఇంకో ఏడాదో రెండేళ్ళో లాగొచ్చు."

ఆయన కాగితం నా చేతిలోంచి తీసుకుని చూశాడు. ఆయనకి అందులో ఏమీ తెలియదు, ఉత్తరం చదవలేని మనిషి ఉత్తరం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "నిన్న ఎత్తు మీద కూడా ఏం అనలేదురా అది" అన్నాడు మెల్లగా. నేను పెద్దమనిషి తరహాలో తలాడించి, "లోపలి రోగాలు అంతే బాబాయ్" అన్నాను. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. మేస్త్రిగారిది అరువు తెచ్చుకున్నాను, చుట్ట ఒక్కటే తక్కువ.

"సరే. తీగకి గుచ్చు" అన్నాడు. గుచ్చాను.

కారుని తోటకి ఆయనే తోలుకెళ్ళాడు. ఇంజను దించి దిమ్మకి బిగించే పని నాదే. షావుకారుకి ఆయన ఉన్నమాట దాచకుండా చెప్పాడు, బేరింగు అరుగుతోందట అని. "బావి దగ్గర దానికి తొందరేముందోయ్, మెల్లగా తిరిగితే చాలు" అన్నాడు షావుకారు. పాత ఆయిలు డబ్బాలోకి దించినప్పుడు నేను దానివైపు చూడను కూడా లేదు. తీర్పు చెప్పేశాక సాక్షితో పనేముంది? ఇంజను లేని కారుని నలుగురం తోసి తోట మూల పెట్టాం. వారం తిరక్కుండా వెనక సీట్లో కోళ్ళు పొదిగాయి. నాలుగొందల గుడ్లు. పోనీ, తొమ్మిది.

మేస్త్రిగారు కళ్ళకి కట్టుతో బెజవాడ నుంచి దిగారు. కుర్చీలో కూర్చోబెట్టగానే ఊళ్ళో సంగతులడిగారు. నేను నా ఘనకార్యం వర్ణించి వర్ణించి చెప్పాను. అంచు ఎంత నల్లగా ఉందో, మెరుపులు ఎలా మెరిశాయో, నక్షత్రాల్ని కూడా మధ్యలోకి లాక్కొచ్చాను. ఆయన చెయ్యి చాపి, "కాగితం ఇలా తే" అన్నారు.

"కట్టు ఉందిగదండీ, ఎలా చూస్తారు?"

"తేరా ముందు."

ఇచ్చాను. వేలితో చుక్క తడిమారు. అంచు దగ్గర వేలు ఆగింది. గోటితో గీకారు, చిట్లినట్టు చిన్న పెచ్చు లేచింది. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత ఆ పెచ్చుని నాలుక కొస మీద వేసుకుని, చురుక్కుమన్నట్టు మొహం పెట్టి, పక్కకి ఉమ్మేశారు.

"ఇది ఎక్కడ ఆరబెట్టావు?"

"బల్ల అడుగు పలక మీదండీ."

"పైన ఏముంది?"

అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. కోసిన కాయని తొడిమ కిందికి పెట్టేది ఎందుకు? జీడి, అదే సొన, కారిపోవడానికి. నూజివీడులో పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు, ఆ జీడి బట్ట మీద పడితే నల్లటి మచ్చ, వంటి మీద పడితే పుండు. ఆరితే జిగురు పెచ్చుకట్టి మెరుస్తుంది. అయస్కాంతానికి ఎందుకంటుకుంటుంది! పై పలకల సందులోంచి అది కింద కాగితం మీద, సరిగ్గా నా చుక్క చుట్టూరా, బొట్టుబొట్టుగా కారింది.

"గంపండీ" అన్నాను.

"ఎవరి కాయలు?"

"డ్రైవరు బాబాయివి. మీకోసం తెచ్చాడు."

"రెండో కాగితం ఏదిరా?" అని అడిగారు మేస్త్రిగారు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో కట్టు వల్ల తెలియలేదు.

"ఏడవకూడదన్నాడ్రా డాక్టరు. ఒళ్ళు కుదిపి నవ్వకూడదని కూడా అన్నాడు. నన్నేం చెయ్యమంటావురా ఇప్పుడు?"

కాసేపటికి తేరుకుని, "వెళ్ళి చెప్పు వాడికి" అన్నారు.

"చెబితే ఏమొస్తుందండీ? ఇంజను దిమ్మ మీద బిగించేశాం. ఆయన లారీ ఎక్కేశాడు. షావుకారు వెనక్కిస్తాడా?"

"ఏమీ రాదు. వాడి కారు మంచిదేనని వాడికి తెలియాలి. అంతే."

మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్ళాను. మధ్యలో రెండుసార్లు సైకిలు గొలుసు ఊడింది, ఊడకపోయినా నేనే ఊడదీసి ఉండేవాణ్ణి. పక్కనున్న పాత తోటలో లారీలోకి కాయలెత్తుతున్నారు. బాబాయి అటు లేడు. బావి గట్టు మీద, ఇంజను పక్కన, తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఇంజను తిరుగుతోంది. అంత మెత్తటి చప్పుడు నేను మా షెడ్డులో కొత్త బండి నుంచి కూడా వినలేదు. కాలవలో నీళ్ళు చిన్న మొక్కల పాదుల్లోకి పోతున్నాయి.

నేను చెప్పేశాను. జీడి సంగతి, గంప సంగతి, ఒక్క కాగితం సంగతి, అన్నీ. ఆయన విని, ముందు ఇంజను వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, పకపకా నవ్వాడు. "నా కాయలేనట్రా! నా కాయలే నా కొంప ముంచాయా!" అంటూ తొడ చరుచుకున్నాడు. లారీ దగ్గర కాయలెత్తేవాళ్ళు తిరిగి చూశారు. అలా నవ్వీ నవ్వీ లేచి, గట్టు పక్క పాత చెట్టు నుంచి ఒక కాయ తుంచి, నా ఎడమ చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద తొడిమ ఆనించి ఇంత జీడి రాశాడు. "ఇదేరా నీకు శిక్ష. రోజూ చూసుకో" అన్నాడు. అది పొక్కి, మాని, మచ్చగా మిగిలిపోయింది.

ఇదీ కథ. ఎవరికి చెప్పినా ఇక్కడిదాకా చెప్పి ఆపుతాను. అందరూ నవ్వుతారు. కారు పొడుగు, ఇరవైముగ్గురు జనం, జిలేబీలు, ఇవన్నీ పెంచినవే, మీకూ తెలుసు. పెంచడానికి కింద అసలు ఏదో ఒకటి ఉంటుంది. కింద ఏమీ లేకుండా నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే. నా మణికట్టు మీద మచ్చేమీ లేదు. ఆరోజు నేనాయనకి చెప్పలేదు.

చెప్పాలనే వెళ్ళాను. గట్టెక్కి నోరు తెరిచాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"వచ్చావా? రా, కూర్చో. నువ్వు చెప్పబట్టి సరిపోయిందిరా. లేకపోతే మొండికేసి తిప్పేవాణ్ణి, ఏ చాట్రాయి రోడ్డు మీదో నా చేతుల్లోనే పోయేది. ఇక్కడ చూడు, ఎంత హాయిగా ఉందో."

ఇంత మాటన్నాక ఆ మనిషితో నీ కారు రోడ్డు మీద కూడా ఇంత హాయిగానే ఉండేదని ఎలా చెప్పను? "ఆయిలు మార్చే రోజు చెబుదామని వచ్చాను బాబాయ్" అన్నాను. షెడ్డుకొచ్చి మేస్త్రిగారితో మాత్రం, బాబాయికి చెప్పేశానన్నాను. ఆయన బతికున్నన్నాళ్ళూ నమ్మారు.

ఆ ఇంజను ఏడేళ్ళు తిరిగింది. ఈ లెక్కలో పెంచింది లేదు. ప్రతి వేసవిలో ఆయిలు మార్చే ముందు నేనే వెళ్ళి చుక్క వేసేవాణ్ణి, రెండు కాగితాలు, రెండు చోట్ల. ప్రతిసారీ బాబాయి లారీని దారి మళ్ళించుకుని తోటకొచ్చి మర్నాడు పొద్దున ఆ కాగితాలు చూసేవాడు. మసి మెత్తగా అంచుల్లో కలిసి, చుట్టూ లేత గోధుమరంగు, ఆపైన పల్చటి వలయం. నల్ల అంచు లేదు. మెరుపు లేదు. ఆయనకి ఇప్పుడు చుక్క చదవడం వచ్చేసింది.

మూడో ఏడో నాలుగో ఏడో, ఆ రెండు కాగితాలూ ఎండకెత్తి చాలాసేపు చూశాడు. ఇంజను మీద చెయ్యి వేసి, ఆ ముసునూరు రోడ్డు మీద వేసినట్టే, కాసేపు ఉంచాడు.

"చూశావురా, నీడపట్టున కూర్చోబెట్టేసరికి ఎలా కోలుకుందో!" అన్నాడు.

అరిగిన బేరింగు కోలుకోదు. ఇంజన్లకి ఆ విద్య తెలియదు. ముప్పై ఏళ్ళు బండి తోలిన మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? తెలిసే అన్నాడేమో. నా మొహం చూసి, నాకు పెద్దరికంగా బయటపడే దారి చూపించాడేమో. లేకపోతే నిజంగానే అలా నమ్మాలనిపించిందేమో. అడగడానికి వీలున్నన్నాళ్ళు నేనడగలేదు. తర్వాత ఆయనే లేడు.

ఆ పొద్దున ఆయన కాగితాల మీంచి కళ్ళెత్తి నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇంజను తిరుగుతూనే ఉంది.

"అవును బాబాయ్," అన్నాను, "బాగా కోలుకుంది."